ఏడు బోర్ల దుమ్ము

అనంతపురంలో నేను తెరిచిన ఆఫీసు కింద మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లను భుజాన వేసుకుని, ఆటోల్లో పెట్టుకుని రైతులు పొద్దున్నే వచ్చేవారు. షాపులో చోటు చాలక నా మెట్ల మీద కూర్చునేవారు. రాగి తీగకు పూసే వార్నిష్ వాసన పైదాకా కొట్టేది. గనులకూ లోహ పరిశ్రమలకూ వ్యూహ సలహాలు ఇవ్వబడును అని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాయించిన నా కొత్త బోర్డు కింద వాళ్లు కూర్చుని బీడీలు తాగుతుంటే నాకు ఒళ్లు మండేది. క్లయింటు వస్తే ఏమనుకుంటాడోనని భయం. మొదటి ఐదు నెలలూ క్లయింటే రాలేదు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

అంతకుముందు పన్నెండేళ్లు బెంగళూరులో ఒక పెద్ద సలహా సంస్థలో పనిచేశాను. ఎక్కడో గని తెరవాలా మూయాలా, ఏ ఖనిజం ధర పెరుగుతుంది, ఏ ఫ్యాక్టరీ ఎవరికి అమ్మాలి, ఇవన్నీ అందమైన బొమ్మలు గీసి చెప్పడం నా పని. ఒక శుక్రవారం మధ్యాహ్నం నన్నూ ఇంకో పదిమందినీ గదిలోకి పిలిచి, సంస్థ దిశ మార్చుకుంటోందని చెప్పారు. ఇలాంటి మాటలు నేనే ఎన్నో కంపెనీలకు రాసిచ్చాను. రాసేటప్పుడు అవి ఎంత బాగుంటాయో, వినేటప్పుడు ఎంత చెడ్డగా ఉంటాయో అప్పుడు తెలిసింది. మా వాళ్లందరితో మాత్రం నేనే మానేశానని చెప్పాను. సొంతంగా మొదలుపెడుతున్నానని, ఒకవైపు బళ్లారి, ఒకవైపు తాడిపత్రి, నడుమ అనంతపురం కంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుందని కూడా చెప్పాను. అసలు సంగతి, అంత తక్కువ బాడుగకు గది ఇంకెక్కడా దొరకలేదు.

నా మెట్లెక్కిన మొదటి మనిషి ఒక రాతి క్వారీ యజమాని. కూర్చోగానే, ఆఫీసుల్లో నాకు ఎవరెవరు తెలుసని అడిగాడు. ఎవరూ తెలియదన్నాను. పదేళ్ల తర్వాత మీ క్వారీ ఎలా ఉండాలో చెప్పగలనన్నాను. ఆయన టీ పూర్తిగా తాగి, గ్లాసు నెమ్మదిగా కింద పెట్టాడు.

"పదేండ్లకు నేనుంటానో లేదో గానీ, ఈ శనివారం లోపల పర్మిట్ కావల్లమ్మా."

తర్వాత వచ్చిన ఇద్దరూ దాదాపు అదే అడిగారు. కన్సల్టెంటు అంటే ఫైలు కదిలించే మనిషని మా వైపు అర్థం. నేను ఫైళ్లు కదిలించే రకం కాదని గర్వంగా ఉండేది. గర్వంతో పాటు రోజంతా ఖాళీగా కూర్చోవడం కూడా ఉండేది. అందుకే మెట్ల మీది మాటలు వినడం అలవాటైంది.

మోటారు కోసం ఎదురుచూసే రైతులు మాట్లాడేది బోర్ల గురించే. ఒకాయన ఎనిమిది నూర్ల అడుగులు పోయినా తెల్ల దుమ్మే లేసిందనేవాడు. ఇంకొకాయన తన చేనులో మూడు నూర్ల నుంచే నల్లరాయి అనేవాడు. ఫలానా గుట్ట వారన ఎర్ర దుమ్ము వచ్చిందని, ఎరుపు వస్తే నీళ్లు దగ్గరలో ఉన్నట్లేనని మరొకరు. ఎవరి చేనులో ఏ లోతున ఏ రాయో అందరికీ నోటికి వచ్చు. పిల్లల పుట్టినరోజులు మరిచిపోతారు కానీ బోరు లోతు మరిచిపోరు.

వింటూ వింటూ ఒకరోజు లేచి నిలబడ్డాను. గని కంపెనీ ఏదైనా నేల కింద ఏముందో తెలుసుకోవాలంటే ఏళ్ల తరబడి రంధ్రాలు వేయాలి, ప్రతి రంధ్రంలోని పొడి తీసి పరీక్షించాలి. మా జిల్లాలో ఆ పని రైతులు ఎప్పుడో చేసి పెట్టారు. ఒక్కొక్క చేనులో నాలుగు, ఆరు, ఎనిమిది. నీళ్లు పడని ప్రతి బోరూ ఎవరో సంసారం తాకట్టు పెట్టి మనకోసం వేసిన పరీక్షా రంధ్రం. జాలి పడాల్సిన చోట నాకు ఆకలి వేసింది. ఆ సాయంత్రమే కూర్చుని పన్నెండు బొమ్మలు గీశాను.

ఆ బొమ్మలు పట్టుకుని బళ్లారి రోడ్డులో ఇనుము తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీ యజమాని దగ్గరికి పోయాను. ఇనుప రాయి పక్క జిల్లాల నుంచి లారీల్లో కొనుక్కునే మనిషి. సొంత గని కావాలని ఆయనకు ఎన్నేళ్ల నుంచో కోరిక. ఆయన నా బొమ్మలన్నీ చూసి, రైతుల ఎండిన బోర్ల మీద గని వెతకాలనే ఆలోచన ఎవరికీ రాలేదు, మీకొచ్చింది, మీరు మామూలు మనిషి కాదు మేడం అన్నాడు. అది పొగడ్తే అనుకున్నాను. మూడు ఊళ్ల సర్వే నాకు అప్పగించాడు. దాంట్లో ఒక ఊరు మాది. కళ్యాణదుర్గం దాటి ఇంకా లోపలికి పోవాలి.

మా ఊళ్లో నాకు మిగిలింది చిన్నాయన ఒక్కడే. నాయనకు తమ్ముడు. నాయన పోయాక నన్ను ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్‌కు తీసుకుపోయి దింపింది ఆయనే. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని, గేటు దగ్గర వాచ్‌మన్‌కు దండం పెట్టి, మా పాపను చూసుకోప్పా అని చెప్పి పోయినాడు. అందరి ముందూ ఆ దండం పెట్టినందుకు నేను నెల రోజులు సిగ్గుపడ్డాను.

చిన్నాయన ఏడు బోర్లు వేశాడు. ఏడింట్లోనూ దుమ్మే లేచింది. ఊళ్లో ఆయన్ని ఏడుబోర్లాయన అంటారు, ఎదురుగానే అంటారు. చిన్నమ్మ మెడలో, చేతుల్లో ఉండేదంతా బోరు బండ్లకు పోయింది. మిగిలింది పసుపుతాడు. అయినా ఆ నాలుగెకరాల్లో నీళ్లున్నాయని ఆయన నమ్మకం. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిస్తే చేను నడుమకు వచ్చేసరికి అది లేచి నిలబడుతుందట. బోరు వేసిన ప్రతిసారీ ఆ నిలబడిన చోటే వేశాడు, లేదా దానికి నాలుగడుగులు అటో ఇటో.

నేను పోయి సర్వే సంగతి చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఏం సర్వే అని నేను స్పష్టంగా చెప్పలేదు. నేల లోపల ఏముందో చూస్తున్నాం అన్నాను. అది అబద్ధం కాదు. ఊళ్లో అందరికీ అదే చెప్పాను. మా వైపు నేల లోపల ఏముందని ఎవరైనా అడిగితే దానికి ఒకటే అర్థం, నీళ్లు. నాకు అది బాగా తెలుసు, తెలిసే ఆ మాట ఎంచుకున్నాను. మనుషులు ఇళ్లలోకి పిలిచి మజ్జిగ ఇచ్చి, తమ బోర్ల లోతులు వల్లించారు. నేను రాసుకున్నాను.

మా వైపు కొందరికి ఒక అలవాటుంది. బోరు పడకపోతే, బండి పోకముందే గుప్పెడు దుమ్ము కవరులో కట్టి దాచుకుంటారు. తర్వాతి బోరుకు పాయింటు పెట్టే మనిషి వచ్చినప్పుడు చూపించడానికి. చిన్నాయన ఏడు బోర్ల దుమ్మూ దాచాడు. విత్తనం శెనక్కాయలు పెట్టే గదిలో దూలానికి ఏడు మూటలు వేలాడుతుంటాయి. ఒక్కొక్కదానికి కేలండర్ కాగితం చీటీ, దాని మీద చేను మూల, లోతు. ఇవ్వమంటే, రేపు రా పాపా, దుమ్ము దులిపి పెడతా అన్నాడు. దుమ్ముకు దుమ్ము దులపడమేమిటని నవ్వుకుని పోయాను.

మర్నాడు పొద్దున వసారాలో ఏడు మూటలూ వరసగా పెట్టి ఉన్నాయి. చీటీలు పాతవి. కవర్లు కొత్తవి. విప్పితే ఏడింట్లోనూ ఎర్రటి పొడి, చేతికి బరువుగా. ఏడు వేరువేరు లోతుల నుంచి వచ్చిన పొడి ఒకే ఎరుపు ఎలా ఉంటుందని ఏ మొదటి ఏడాది విద్యార్థి అయినా అడుగుతాడు. నేను అడగలేదు. అప్పటికి రెండు ఊళ్లు తిరిగి తెల్లరాయి, నల్లరాయి తప్ప ఏమీ దొరకలేదు. ఆ ఎరుపు చూసేసరికి నాకు నోరూరింది. బ్యాగులోంచి అయస్కాంతం తీసి పొడిలో తిప్పాను. పొడి దానికి మీసాల్లాగా అంటుకుని పైకి లేచింది.

చిన్నాయన ముందుకు వంగి చూశాడు. "నీళ్లుంటేనే అట్ల అంటుకుంటాదా పాపా?"

"ఊ," అన్నాను.

ఒక్క అక్షరం. పన్నెండేళ్లలో నేను చెప్పిన అబద్ధాలన్నీ పేజీల కొద్దీ ఉంటాయి, ఇది మాత్రం ఒక్క అక్షరం. ఆయన లోపలికి తిరిగి చిన్నమ్మను కేకేశాడు, వచ్చి చూడమని. ఆమె గిన్నె తోముతూ లేవలేదు.

"ఆ చేన్లో నీళ్లు లేవు, మీ చిన్నాయన తలకాయలో మెదడు లేదు. రెండూ తవ్వి చూసినాం గదమ్మా," అంది.

నేను బయల్దేరేటప్పుడు ఆయన జీపు దాకా వచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు. "నా చేన్లో నీళ్లుండాయని ఒక్క మాట రాయి పాపా. దుడ్లు వద్దు, బోరు వద్దు. మీ చిన్నమ్మకు సదువు రాదు గానీ, నువ్వు రాసినావంటే నమ్ముతాది."

రాస్తాలే చిన్నాయనా అన్నాను. అద్దం ఎక్కించేశాను.

రిపోర్టు బాగా వచ్చింది. ఈరోజుకీ దాన్ని చూస్తే, రాసిన మనిషి మీద నాకు అసహ్యమూ పనితనం మీద ముచ్చటా రెండూ కలుగుతాయి. దాంట్లో ఒక పేజీలో నాలుగు గళ్లు గీశాను. అడ్డంగా రాయి ఎంత మంచిదో, నిలువుగా ఎన్ని బోర్లు ఫెయిలయ్యాయో. ఎంత ఎక్కువ బోర్లు పోతే రైతు అంత త్వరగా అమ్ముతాడని నా సూత్రం. పైన కుడివైపు గడిలో పడినవాళ్లను మొదట కలవాలి. ఆ గడిలో ఒక్కటే పేరుంది. ఇంటి పేరు నాదే.

ఫ్యాక్టరీ మనుషులు చిన్నాయనను కలిసి చేను అమ్మమని అడిగి వచ్చిన వారం రోజులకు, నేను ఆఫీసులోంచి బయటికి వస్తే, మోటార్ల వాళ్ల నడుమ ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చావంటే పొద్దున మొదటి బస్సుకన్నాడు. పైకెందుకు రాలేదంటే, నీకు పనుంటాదని అన్నాడు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. పైకి పిలిచి కూర్చోబెట్టాను. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఇచ్చేదా పాపా?"

ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. ఆ చేను కింద ఇనుము ఉందని నా నమ్మకం. ఇవ్వొద్దు, ఆగు, రేటు పెరుగుతుందని చెప్పాల్సింది. చెబితే నా మొదటి క్లయింటు పోతాడు. నా బోర్డు దిగిపోతుంది. బెంగళూరు వాళ్లు నన్ను తీసేయడం సరైన పనే అయిపోతుంది. ఇవన్నీ లెక్కేసుకోవడానికి నాకు పట్టిన సమయం ఒక గుటక టీ.

"ఇచ్చేయ్ చిన్నాయనా. దాంట్లో ఏముంది?"

"నీళ్లు గూడా లేవా?"

"లేవు."

ఆయన తల ఊపాడు. అడిగిన ఒక్క మాట రాశావా అని అడగలేదు. నువ్వు సదివినదానివి, నీకు తెలుస్తాది అని లేచాడు. మెట్లు దిగుతూ, కింద ఎవరో కాలిపోయిన మోటారు పైకెత్తలేక అవస్థ పడుతుంటే ఒక చెయ్యి వేసి పోయాడు.

రిజిస్ట్రేషన్ అయింది. చేను చుట్టూ ముళ్ల తీగ వచ్చింది, దాని వెనక రేకుల గోడ వచ్చింది. ఫ్యాక్టరీ వాళ్లు తెచ్చిన డ్రిల్లింగ్ యంత్రం నేల మీద పక్కకు వాలి నిలబడింది. రాతి పొరలను అడ్డంగా కోయాలంటే రంధ్రం వాలుగానే వేయాలి. ఊరివాళ్లు గోడ సందుల్లోంచి చూసి, బోరు ఎవడన్నా పడుకోబెట్టి ఏస్తాడా అని నవ్వారు. మూడు రంధ్రాలకు ఒప్పందం. మొదటి దాంట్లోంచి గుండ్రటి రాతి కడ్డీలు తెల్లగా వచ్చాయి. రెండో దాంట్లోనూ తెల్లగా వచ్చాయి. ఇనుము లేదు. ఇనుము వాసన లేదు.

ఫ్యాక్టరీ యజమాని ఫోన్‌లో గొంతు పెంచలేదు. మేడం, మీరే వచ్చి చూడండి అన్నాడు, అంతే. నేను తిన్నగా చిన్నాయన ఇంటికి పోయాను.

చెప్పులు విప్పకుండానే అడిగాను, ఆ ఎర్ర పొడి ఎక్కడిదని. ఆయన గోడవైపు చూస్తూ చెప్పాడు. ఊరవతలి ఎర్రగుట్ట వారన వేరే ఆయన బోరు ఉందట, నీళ్లు పడిన బోరు. దాని పక్కన పాత దుమ్ము కుప్ప ఇంకా ఉందట. పోయి ఏడు కవర్లకు సరిపడా తెచ్చాడట. తన చేను దుమ్ము తెల్లది, చూపించడానికి సిగ్గేసిందట. ఎర్రది చూస్తే నేను నీళ్లున్నాయని రాస్తానని అనుకున్నాడట. ఆ గుట్ట అటవీ శాఖది. దాని మీద ఎవరూ చెయ్యి పెట్టలేరు. ఇనుము అంతా అక్కడే ఉంది.

నాకు కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, కానీ అప్పుడు మాత్రం కోపమే.

"ఏడు బోర్లేసి నీ సంసారం ముంచుకున్నావు. ఎనిమిదోది నా నెత్తిన వేశావు. నీ బతుకే దుమ్ము చిన్నాయనా, ఎవరి మీద పడితే వాళ్లు మట్టిగొట్టుకుపోతారు."

చిన్నమ్మ తలుపు దగ్గర నిలబడి వింది. ఎప్పుడూ ఆయన్ని తిట్టే మనిషి, ఆరోజు వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"నువ్వు నీళ్లు సూస్తాండావనుకుంటి పాపా," అన్నాడు చిన్నాయన.

కారెక్కి వచ్చేశాను. దారి పొడుగునా బోర్డు దింపించడానికి ఎవరిని పిలవాలా అని ఆలోచించాను.

నాలుగో రోజున ఫ్యాక్టరీ యజమాని మళ్లీ ఫోన్ చేశాడు. ఒప్పందం ఉంది కదా అని మూడో రంధ్రం కూడా వేశారట. నాలుగు నూర్ల అడుగుల లోపే నీళ్లు తన్నుకొచ్చాయట, యంత్రం దగ్గరున్న మనుషులు పక్కకు ఉరికారట. పోయి చూశాను. చేను నడుమ తెల్లటి బురద. నీళ్లు ఇంకా పొర్లుతున్నాయి. ఊరివాళ్లు చూడకుండా గోడ సందులన్నీ అప్పటికే మూసేశారు. చిన్నాయన నాలుగో బోరు మీద మూత వేసిన బండరాయి అక్కడికి ఇరవై అడుగుల దూరంలో ఉంది.

ఆ చేను కింద రాయి నిలువుగా పగిలి ఉంది. పగులు సన్నది, నిండా నీళ్లు. నిలువుగా దిగే బోరు దాని పక్కనే దిగిపోతుంది, తగలదు. వాలుగా పోయేది దాన్ని అడ్డంగా కోస్తుంది. ఇది నాకు కాలేజీ రెండో ఏటి నుంచి తెలుసు. వాలుగా వేసే యంత్రం రైతులకు దొరకదు, నిజమే. కానీ గుట్ట మీద రాయి ఏ దిక్కుకు చీలిందో చూసి, పాయింటు కొంచెం పక్కకు జరపమని చెప్పగలిగేదాన్ని. చిన్నాయన ఐదో బోరు వేసే ముందు ఫోన్ చేసి, ఎక్కడ వేసేది పాపా అని అడిగాడు కూడా. బెంగళూరులో మీటింగ్‌లో ఉన్నాను, తర్వాత చేస్తానని పెట్టేశాను. ఆ తర్వాత ఆయన ఇంకా మూడు వేశాడు.

ఫ్యాక్టరీ యజమాని ఆ బురదలో బూట్లతో నిలబడి నవ్వుతున్నాడు. ఇంత సంతోషంగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

"ఇనుము లారీలో వస్తాది మేడం. నీళ్లు రావు గదా. మీ ప్లానేందో ఇప్పుడు తెలిసినాది నాకు."

అది నా ప్లాను కాదని చెప్పలేదు. నవ్వాను. ఆ వారంలోనే ఫ్యాక్టరీకి నీటి భద్రతా వ్యూహం తయారుచేసే పని నాకు ఇచ్చాడు. అక్కడి నుంచి నా సంస్థ వెనక్కి తిరిగి చూడలేదు. ఇప్పుడు కింది మోటార్ల షాపు మా ఆఫీసులో కలిసిపోయింది. ఎక్కడ కొత్త క్లయింటును కలిసినా మొదట చూపించే బొమ్మ ఆ చేనుదే.

చిక్కు ఒక్కటే ఉండేది. ఆ చేనులో రోజంతా మోటార్లు తోడితే చుట్టుపక్కల బోర్లు ఎండిపోతాయి. ఎండాయంటే జనం రేకుల గోడ మీదికి వస్తారు. దానికీ వ్యూహం నేనే రాశాను. పైపు నేల లోపలే వేయాలి. నీళ్లు దూరపు కాలువ నుంచి కొనుక్కుని తెస్తున్నామని చెప్పాలి. వాటిలో కొన్ని ఊరికి కూడా ఉచితంగా, రోజు విడిచి రోజు, ట్యాంకరులో పంపాలి. తాగే నీళ్లు ఇచ్చేవాడిని ఎవరూ అనుమానించరు. ఈ చివరి వాక్యం కూడా రిపోర్టులో రాశాను.

ఊరు నమ్మింది. చిన్నాయన ఒక్కడు నమ్మలేదు. ట్యాంకరు వచ్చిన మొదటి రోజే ఒక గుక్క తాగి, ఇవి నా చేను నీళ్లు అన్నాడట. జనం పొట్ట పట్టుకుని నవ్వారట. ఏడు బోర్లకు మతి పోయిందన్నారట. అయినా ట్యాంకరు వచ్చినప్పుడల్లా క్యూలో నిలబడి అదే మాట చెబుతున్నాడని, నవ్వులాటకు పిల్లలు ఆయన్ని రెచ్చగొడుతున్నారని ఫ్యాక్టరీ మనుషులే నాకు చెప్పారు. జాగ్రత్తగా చూసుకోండి మేడం, మీ బంధువంట గదా అన్నారు.

ట్యాంకరు పని ఎలా నడుస్తోందో చూసి ఫోటోలు తీయాలని ఒక ఉదయం ఫ్యాక్టరీ మేనేజరుతో కలిసి ఊరికి పోయాను. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ట్యాంకరు చుట్టూ బిందెలు, ప్లాస్టిక్ డ్రమ్ములు. చిన్నమ్మ రెండు బిందెలతో ముందు ఉంది. చిన్నాయన ఆమె వెనక. నన్ను చూడగానే పక్కకు జరిగి, అందరికీ వినిపించేలా పిలిచాడు. ఆరోజు నేను తిట్టిన తిట్లు ఆయన మొహంలో ఎక్కడా లేవు. సాక్షి దొరికిన మనిషి మొహం అది.

"వీళ్లకు చెప్పు పాపా. యాడివి ఈ నీళ్లు?"

అందరూ నా వైపు తిరిగారు. బిందెలోకి నీళ్లు పడే చప్పుడు ఒక్కటే ఉంది. చిన్నమ్మ కూడా తల తిప్పి నా వైపు చూసింది. ఆమె మొహంలో ఎగతాళి లేదు. నిజంగా తెలుసుకోవాలని చూసింది, మెడలో పసుపుతాడుతో. మేనేజరు ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు. ఆ రోజు జీపు దగ్గర ఆయన నన్ను రాయమన్నది కూడా ఈ మాటే. ఇప్పుడు రాయనక్కర్లేదు, నోటితో అంటే చాలు.

"కాలువ నీళ్లు చిన్నాయనా," అన్నాను.

ఒక్కసారిగా అందరూ నవ్వారు. ఎవరో ఈల వేశారు. చిన్నమ్మ మొహం తిప్పేసుకుని, ఇన్నావా, ఇంకనన్నా నోరు మూసుకుంటావా అని ఆయన్ని గదమాయించి, బిందె నడుముకెత్తుకుంది.

చిన్నాయన నవ్వలేదు, కోపగించుకోలేదు. తర్వాత నా చేతిలోని ఖాళీ సీసా తీసుకుని, ట్యాంకరు కొళాయి కింద పెట్టి, ఒకసారి కడిగి పారబోసి, నిండా పట్టాడు. భుజం మీది తువ్వాలుతో సీసా తుడిచి, మూత గట్టిగా బిగించి నా చేతికిచ్చాడు.

"దారిలో తాగు పాపా. కాలువ నీళ్లు ఇట్లుండవు," అన్నాడు, నాకొక్కదానికే వినిపించేలా.

కళ్యాణదుర్గం రాకముందే ఆ సీసా ఖాళీ చేశాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు. దాహం మాత్రం తీరింది.

ఆయన అడిగిన ఒక్క మాట ఇప్పుడు రాస్తున్నాను. మా చిన్నాయన చేనులో నీళ్లున్నాయి, నాలుగు నూర్ల అడుగుల లోపే ఉన్నాయి. ఫ్యాక్టరీ వాళ్లతో నాకు ఒప్పందం ఉంది కాబట్టి ఆయన పేరు రాయలేదు, ఊరి పేరు రాయలేదు, సర్వే నంబరు రాయలేదు. ఈ కాగితం తీసుకుపోయి చదివి వినిపించినా చిన్నమ్మ నమ్మదు.